నదిలోకి వచ్చే మురుగుకు చట్టం ముందు జవాబుదారీ ఎవరు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ ఊరు హైదరాబాదు దాటాక మూసీ దిగువన ఉంది. కత్వ, అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట, దగ్గర ఎండాకాలమంతా నురగ కడుతోంది, సాయంత్రమైతే వాసనకు తలుపులు వేసుకోవలసి వస్తోంది. కాలుష్య నియంత్రణ మండలికి రాస్తే మురుగు సంగతి స్థానిక సంస్థ చూసుకోవాలని బదులిచ్చారు. స్థానిక సంస్థకు రాస్తే శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీరు ప్రమాణాలకు లోబడే ఉందని నివేదిక జత చేసి పంపారు. ఇద్దరూ చెప్పింది నిజమే అయితే నది ఇలా ఎందుకు ఉంది, దీనికి చట్టప్రకారం ఎవరిని నిలదీయాలి అని అడిగారు. చివర్లో పొలంలోని బోరు నీళ్ళ గురించి కూడా అడిగారు, దానికి ఆఖరున వస్తాను.

నేను నీటి పరీక్షల ప్రయోగశాలలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. ఉద్యోగం ముగిశాక ఇటువంటి కేసుల్లో పరీక్షా నివేదికలను న్యాయవాదులకు వివరించి చెప్పే పని చేస్తున్నాను. ఆ అనుభవంతో చెప్పగలిగిన అసలు మాట ఇది: ఫిర్యాదు నది మీద రాస్తే ఎవరికీ తగలదు, నదిలో కలిసే ఫలానా నాలా మీద, ఫలానా గొట్టం మీద రాయాలి. మన చట్టం ఒక చోటును, ఆ చోటు నుంచి మురుగు వదిలే వ్యక్తినో సంస్థనో పట్టుకోవడానికి రాసిన చట్టం. నది మొత్తం చెడిపోయిందన్న వాక్యం ఎంత నిజమైనా అందులో ప్రతివాది పేరు ఉండదు.

ముందుగా, మీకు వచ్చిన రెండు జవాబులూ ఏకకాలంలో నిజం ఎలా కాగలవో చూడండి. ఒక పట్టణంలో రోజుకు 130 ఎంఎల్‌డీ, అంటే 13 కోట్ల లీటర్ల మురుగు పుడుతోందని, శుద్ధి కేంద్రం అందులో 100 ఎంఎల్‌డీ మాత్రమే తీసుకోగలదని అనుకుందాం. కేంద్రం బాగా నడిచి, దాని నుంచి వచ్చే నీటిలో బీఓడీ, అంటే మురుగును కుళ్ళబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ కొలత, లీటరుకు 10 మిల్లీగ్రాములే ఉంది. మిగిలిన 30 ఎంఎల్‌డీ పచ్చి మురుగు, లీటరుకు 200 మిల్లీగ్రాముల బీఓడీతో, పక్క నాలాల గుండా నేరుగా నదిలోకి పోయింది. రెండూ కలిసిన తర్వాత నీటిలో బీఓడీ సుమారు 54 అవుతుంది. శుద్ధి కేంద్రం నివేదికలో అబద్ధం ఒక్కటీ లేదు, అయినా నదిలో చేప బతకదు. కోలిఫాం బాక్టీరియా విషయంలో ఇది ఇంకా తీవ్రంగా ఉంటుంది. పచ్చి మురుగులో వంద మిల్లీలీటర్లకు కోటి దాకా మలసంబంధ కోలిఫాం ఉండడం మామూలే కాబట్టి, అందులో వందో వంతు శుద్ధి కాకుండా కలిసినా లెక్క లక్షకు పోతుంది. స్నానానికి పనికివచ్చే నీటిలో దానికి గరిష్ఠ పరిమితి 2,500.

ఇది ఒక్క పట్టణం కథ కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020–21 లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాలలో రోజుకు 72,368 ఎంఎల్‌డీ మురుగు పుడుతుండగా, నిజంగా శుద్ధి అవుతున్నది 20,235 ఎంఎల్‌డీ. కట్టిన కేంద్రాల సామర్థ్యం 31,841 ఎంఎల్‌డీ ఉన్నా అది కూడా నిండడం లేదు, ఎందుకంటే ఇళ్ళ నుంచి మురుగును కేంద్రం దాకా తెచ్చే పైపులైన్లు పూర్తి కావు. కేంద్రం ఒక వైపు సగం ఖాళీగా నడుస్తుంటే నాలా మరో వైపు నిండుగా పారుతూ ఉంటుంది. తనిఖీలు మాత్రం కేంద్రానికే జరుగుతాయి, ఎందుకంటే గేటు, రిజిస్టరు, సంతకం పెట్టే ఇంజనీరు ఉన్నది అక్కడే.

ఇక్కడ రెండు రకాల ప్రమాణాలను విడదీసి చూడాలి. మొదటిది నది నీటికి సంబంధించినది. కేంద్ర మండలి నది నీటిని వినియోగాన్ని బట్టి ఎ నుంచి ఇ వరకు ఐదు తరగతులు చేసింది. స్నానానికి తగిన బి తరగతి నీటిలో బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములకు మించకూడదు, కరిగిన ఆక్సిజన్ 5కు తగ్గకూడదు. సేద్యానికి చెప్పిన ఇ తరగతిలో ఆమ్ల-క్షార స్థాయికి, లవణాలకు, బోరాన్‌కు సంబంధించిన హద్దులే ఉన్నాయి తప్ప బీఓడీకి గానీ కోలిఫాంకు గానీ హద్దు లేదు. దిగువ రైతుల కోణంలో ఇది పెద్ద లోపమని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ నీటిలో మోకాలి లోతున నిలబడి నాటు వేసేది, పారాగడ్డి కోసేది మనుషులే.

రెండోది మురుగు వదిలే చోట పాటించవలసిన ప్రమాణం. 2017 అక్టోబరు 13 నాటి కేంద్ర ప్రభుత్వ ప్రకటన ప్రకారం శుద్ధి కేంద్రం నుంచి వదిలే నీటిలో బీఓడీ మహానగరాలలో 20, ఇతర చోట్ల 30 దాటకూడదు, మలసంబంధ కోలిఫాం వంద మిల్లీలీటర్లకు 1,000 లోపు ఉండాలి. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రిబ్యునల్ దీన్ని మరింత బిగించి, బీఓడీ 10, కోలిఫాం 230కి మించరాదని, పెద్ద నగరాలకు, చిన్న పట్టణాలకు తేడా లేకుండా వర్తింపజేయాలని చెప్పింది. ఈ బిగింపు ఎందుకు అవసరమో మూసీ వంటి నదిని చూస్తే తెలుస్తుంది. నూరేళ్ళ కిందట ఇంగ్లండులో మురుగుకు బీఓడీ 20 అన్న హద్దు పెట్టినప్పుడు, దాన్ని కలుపుకునే నదిలో కనీసం ఎనిమిది రెట్ల మంచినీరు పారుతుందన్న షరతు మీద పెట్టారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ గేట్లు మూసి ఉన్న వేసవిలో నగరం గుండా పారే మూసీలో ఎనిమిది రెట్లు కాదు కదా, ఒక రెట్టు మంచినీరు కూడా ఉండదు. అక్కడ శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీరే నది. కాబట్టి ఆ నీరు నదితో కలిసి పలచబడుతుందన్న సమాధానాన్ని మీరు ఒప్పుకోనవసరం లేదు.

ఇక జవాబుదారీ సంగతి. నీరు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని విషయం కావడం వల్ల, కొన్ని రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేయగా 252వ అధికరణ కింద పార్లమెంటు 1974లో నీటి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం చేసింది. అందులో 24వ సెక్షన్, మండలి నిర్ణయించిన ప్రమాణాలకు మించిన కలుషిత పదార్థాన్ని ఏ వ్యక్తీ తెలిసి తెలిసి నదిలోకి గానీ, బావిలోకి గానీ, నేల మీదకు గానీ పంపరాదని, పోనివ్వరాదని నిషేధించింది. 25వ సెక్షన్ ప్రకారం మురుగు వదిలే అవుట్‌లెట్‌కు మండలి నుంచి ముందస్తు సమ్మతి, అంటే అందరూ కన్సెంట్ అనేది, తీసుకోవాలి. ఈ రెండు సెక్షన్ల నుంచీ మున్సిపాలిటీకి, జలమండలికి మినహాయింపు లేదు. కాబట్టి మురుగు స్థానిక సంస్థ పని అని మండలి చెప్పడం సగం మాటే. శుద్ధి చేయడం స్థానిక సంస్థ బాధ్యత, అది చేస్తోందో లేదో చూసి చర్య తీసుకోవడం మండలి బాధ్యత. రెండోదాన్ని మండలి ఇంకొకరి మీదకు నెట్టలేదు.

24వ సెక్షన్‌లోని ‘తెలిసి తెలిసి’ అన్న మాటను గట్టిగా పట్టుకోండి. నాలా గుండా పచ్చి మురుగు పోతున్న సంగతి మా దృష్టికి రాలేదని చెప్పుకొనే వీలు ఆ మాట వల్లనే కలుగుతుంది. నాలా కలిసే చోటు పేరు, దాని అక్షాంశ రేఖాంశాలు, చూసిన తేదీ, ఫోటోలతో మీరు రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం పంపి రసీదు దాచుకుంటే, ఆ రోజు తర్వాత జరిగినదంతా తెలిసి జరిగినదే అవుతుంది. గ్రామసభ తీర్మానం జత చేస్తే మరీ మంచిది. ఉత్తరాలు రాసి ఏం లాభమని విసుగు చెందినవాళ్ళను నేను చాలామందిని చూశాను. కానీ ఐదేళ్ళ తర్వాత కేసు నిలబడిన చోట్ల, నిలబెట్టినవి ఆ ఉత్తరాలే.

చాలామందికి తెలియని ఇంకో వీలు 25వ సెక్షన్‌లోనే ఉంది. మండలి తాను ఇచ్చిన సమ్మతుల షరతులను ఒక రిజిస్టరులో నమోదు చేయాలి. ఆ అవుట్‌లెట్ వల్ల ప్రభావితమయ్యే ఎవరైనా తగిన వేళల్లో వెళ్ళి ఆ భాగాన్ని చూడవచ్చు. మీరు దిగువ రైతు కాబట్టి ప్రభావితులు, ఆ హక్కు మీకుంది. అడిగినా చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ దరఖాస్తులో మీ ఊరికి ఎగువనున్న ప్రతి శుద్ధి కేంద్రానికి సమ్మతి ఉత్తర్వు ప్రతి, దాని గడువు తేదీ, రోజువారీ మురుగు ప్రవాహం రాసే లాగ్‌బుక్ పేజీలు అడగండి. వాటితో పాటు కేంద్రం కరెంటు బిల్లులు కూడా అడగండి. మురుగులోకి గాలి ఊదే బ్లోయర్లు ఆగకుండా నడిస్తే ఒక స్థాయిలో యూనిట్లు ఖర్చవుతాయి. లాగ్‌బుక్‌లో ప్రవాహం ఏడాది పొడవునా ఒకేలా ఉండి, కరెంటు యూనిట్లు మాత్రం కొన్ని నెలల్లో సగానికి పడిపోతే, ఆ నెలల్లో బ్లోయర్లు ఎన్ని గంటలు నడిచాయన్న ప్రశ్నకు ఎవరో ఒకరు జవాబు చెప్పవలసి వస్తుంది. లాగ్‌బుక్ ఎవరైనా రాయవచ్చు, మీటరు రీడింగు తీసేది మాత్రం వేరే సంస్థ.

సమ్మతి పత్రం చేతికి వచ్చాక, అందులో కేంద్రం సామర్థ్యం ఎంత, వదిలే చోటు ఏది అన్న రెండూ చదివి, నది ఒడ్డున నడిచి చూడండి. సమ్మతిలో పేరు లేని ప్రతి నాలా, మురుగును శుద్ధి కాకుండా పక్కకు తప్పించే ప్రతి బైపాస్ గొట్టం సమ్మతి లేని అవుట్‌లెటే. దాని నీటి నాణ్యత ఎంత అన్న వాదన రాకముందే అది 25వ సెక్షన్ ఉల్లంఘన అవుతుంది.

ఇక శాంపిల్ సంగతి, దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కేసులు ఎక్కువగా ఇక్కడే పోతాయి. మురుగు వదిలే చోట మండలి అధికారి తీసే చట్టబద్ధమైన శాంపిల్‌కు 21వ సెక్షన్ ఒక పద్ధతి చెప్పింది. శాంపిల్ తీసి పరీక్షకు పంపుతున్నామని ఆ ఆవరణ బాధ్యుడికి అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి. అతని ఎదుటే దాన్ని రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకం చేయాలి. అతను కావాలని తప్పుకుంటే ఆ విషయం రాతపూర్వకంగా విశ్లేషకుడికి తెలపాలి. ఈ పద్ధతి తప్పితే ఫలితం సాక్ష్యంగా చెల్లదని చట్టమే చెబుతోంది. నా ఉద్యోగకాలంలో ఒక పట్టణపు మురుగు కాలువ దగ్గర తీసిన శాంపిల్‌ను నేనే పరీక్షించాను. బీఓడీ పరిమితికి ఆరింతలు వచ్చింది, ఫలితంలో సందేహమేమీ లేదు. కానీ సీసా లేబులు మీద అవతలి పక్షం సంతకం లేదు, అతను రానన్నాడని రాసిన కాగితం కూడా లేదు. ఏడాదిన్నర తర్వాత కోర్టులో ఆ నివేదిక పక్కన పెట్టారు. ఆ కాలువ ఆ ఏడాదిన్నరా పారుతూనే ఉంది. ఆ రోజు నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతివారికీ ముందు సీలు గురించే చెబుతున్నాను.

మీ ఫిర్యాదు మీద మండలి వాళ్ళు వస్తే పక్కనే ఉండి చూడండి. కరిగిన ఆక్సిజన్ పరీక్షకు మూడు వందల మిల్లీలీటర్ల గాజు సీసాను బుడగలు లేకుండా నింపి, ఒడ్డునే మాంగనీస్ సల్ఫేటు ద్రావణం, క్షారం కలిసిన అయొడైడు ద్రావణం వేసి మూత బిగించి తిప్పుతారు. నీటిలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి పడుతుంది. ఏమీ లేకపోతే ఆ మడ్డి పాలవిరుగుడులా తెల్లగానే ఉండిపోతుంది. కచ్చితమైన అంకె తర్వాత ప్రయోగశాలలో తేలుతుంది గానీ, తెల్లగా మిగిలిన సీసాను చూసినవారికి ఆ నది పరిస్థితి అక్కడే తెలిసిపోతుంది. ఈ పని ఒడ్డున చేయకుండా నీళ్ళు క్యాన్‌లో పట్టుకుపోతుంటే మర్యాదగానే అభ్యంతరం చెప్పి, ఆ మాట పంచనామాలో రాయమనండి. బీఓడీ సీసాలు మంచుపెట్టెలో వెళ్ళాలి, కోలిఫాంకు వేరుగా క్రిమిరహితం చేసిన సీసా ఉండాలి, అది ఇరవై నాలుగు గంటలు దాటకముందే పరీక్షకు చేరాలి.

ఎప్పుడు, ఎక్కడ తీశారన్నది కూడా అంతే ముఖ్యం. వానాకాలంలో వరద పోతున్నప్పుడు తీసిన శాంపిల్‌లో బీఓడీ దిగిపోతుంది, దాన్ని చూపించి నది బాగుపడిందనడం సరికాదు. ఏప్రిల్, మే నెలల్లో తీయమని రాయండి. నాలా కలిసే చోటుకు ఎగువన ఒకటి, నాలాలో ఒకటి, దిగువన ఒకటి, మూడూ ఒకే రోజు తీస్తేనే ఆ నాలా వల్ల నదికి ఎంత చేటు జరిగిందో తెలుస్తుంది. పాత నివేదికలతో పోల్చేటప్పుడు మన దగ్గర బీఓడీని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి చూస్తారని, చాలా దేశాల్లో 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులు ఉంచుతారని గుర్తుంచుకోండి. నురగను ఫోటో తీయండి గానీ, కేసును నురగ మీద నిలబెట్టకండి. డిటర్జెంట్లు కలిసిన నీరు కత్వ మీదుగా దూకినప్పుడు గాలి చిక్కుకుని నురగ పుడుతుంది. అది మురుగుకు సూచన మాత్రమే, ఎంత మురుగు అన్నదానికి కొలత కాదు.

స్థానిక సంస్థ మీకు చివరికి చెప్పబోయే మాట నిధులు లేవని. దీనికి జవాబు 1980లోనే వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం, డబ్బు లేదన్న సాకుతో మురుగు కాలువల బాధ్యత నుంచి మున్సిపాలిటీ తప్పుకోజాలదని తేల్చింది. అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఇచ్చిన ఉత్తర్వుతో మొదలైన కేసు. ఇప్పుడా సెక్షన్ భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152గా ఉంది, మీ ఊరి పక్కన పారే ఒక చిన్న నాలా విషయమైతే ఇప్పటికీ పనికివచ్చే దారి. 2017 ఫిబ్రవరి 22న పర్యావరణ్ సురక్షా సమితి కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్ళింది. మురుగు శుద్ధి కేంద్రాలను మూడేళ్ళలో పూర్తి చేయాలని, వినియోగదారుల నుంచి రుసుము వసూలు చేసైనా స్థానిక సంస్థలు నిధులు సమకూర్చుకోవాలని, అది కుదరకపోతే రాష్ట్ర ప్రభుత్వమే భరించాలని, అమలును హరిత ట్రిబ్యునల్ చూడాలని ఆదేశించింది. ఆ మూడేళ్ళు 2020లోనే ముగిశాయి.

మీ నదికి నేరుగా సంబంధించిన ప్రక్రియ ఒకటి ఉంది. కేంద్ర మండలి 2018లో దేశంలో 351 కలుషిత నదీ భాగాలను గుర్తించి, బీఓడీ 30 దాటినవాటిని మొదటి ప్రాధాన్యంలో పెట్టింది, మూసీ అందులో ఉంది. దాని మీద ఒక పత్రికా వార్త ఆధారంగా ట్రిబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టి, ప్రతి రాష్ట్రంలోనూ నదుల పునరుద్ధరణ కమిటీ ఏర్పాటు చేయాలని, కనీసం స్నానానికి తగిన స్థాయికి నీటిని తేవాలని 2018 సెప్టెంబరు 20న ఆదేశించింది. గడువు దాటితే శుద్ధి చేయని ఒక్కో నాలాకు నెలకు రూ.5 లక్షలు, పూర్తికాని ఒక్కో శుద్ధి కేంద్రానికి నెలకు రూ.10 లక్షలు పరిహారమని 2019 డిసెంబరులో చెప్పింది. చూడండి, ఆ ఉత్తర్వు కూడా లెక్క నాలాకు ఇంత అనే వేసింది. ఆ కమిటీ కార్యాచరణ ప్రణాళికలో మీరు ఫిర్యాదు చేసే నాలా ఉందా లేదా అన్నది మీ సమాచార హక్కు దరఖాస్తులో ఇంకో ప్రశ్నగా చేర్చండి. ఉంటే గడువు దాటిందని చూపవచ్చు, లేకపోతే ప్రణాళికే అసంపూర్ణమని చూపవచ్చు.

ఇక శిక్షల సంగతి. కర్మాగారం తప్పు చేస్తే 33ఎ సెక్షన్ కింద మండలి దాన్ని మూయించవచ్చు, కరెంటు, నీరు ఆపించవచ్చు. నగరాన్ని మూయించలేరు, శుద్ధి కేంద్రానికి కరెంటు ఆపితే నదికి ఇంకా నష్టం. చట్టంలోని అన్నిటికన్నా పదునైన ఆయుధం స్థానిక సంస్థల మీద పనిచేయకపోవడానికి కారణం ఇదే. ఎగువన సామర్థ్యం చాలనప్పుడు కొత్త లేఅవుట్లకు, అపార్టుమెంట్లకు మురుగు కనెక్షన్లు ఇవ్వకుండా నిలపమని ఆదేశించడం దానికి సరైన ప్రత్యామ్నాయమని నేను నమ్ముతాను, మీ అర్జీలో ఆ కోరిక చేర్చండి. 24వ సెక్షన్ ఉల్లంఘనకు 2024కు ముందు ఏడాదిన్నర నుంచి ఆరేళ్ళ దాకా జైలుశిక్ష ఉండేది. 2024 సవరణ దాన్ని తీసివేసి రూ.10,000 నుంచి రూ.15 లక్షల వరకు జరిమానాగా మార్చింది, ప్రభుత్వ శాఖాధిపతి తప్పుకు ఒక నెల మూలవేతనం జరిమానా అంది. ఇది మొదట హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తించింది. తక్కిన రాష్ట్రాలలో శాసనసభ తీర్మానం చేసిన తర్వాతే వర్తిస్తుంది. కాబట్టి మీ కేసులో మురుగు వదిలిన తేదీ ఆ తీర్మానానికి ముందా తర్వాతా అన్నది మీ న్యాయవాది మొదట చూడవలసిన విషయం. జైలుశిక్షలు ఎన్నడూ సరిగా పడలేదు నిజమే, అయినా ఒక శుద్ధి కేంద్రం నిర్వహణ ఖర్చుతో పోల్చి చూస్తే పదిహేను లక్షలు చాలా చిన్న మొత్తం. ఈ మార్పు నదులకు మేలు చేస్తుందని నేను అనుకోవడం లేదు.

పరిహారాల దారి వేరు. 2022 అక్టోబరులో ట్రిబ్యునల్ ఘన, ద్రవ వ్యర్థాల శుద్ధిలో వైఫల్యానికి తెలంగాణపై సుమారు రూ.3,800 కోట్ల పరిహారం నిర్ణయించి, ఆ సొమ్మును ప్రత్యేక ఖాతాలో ఉంచి పునరుద్ధరణకే వాడాలంది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, రాష్ట్ర మండళ్ళు కూడా నిబంధనలకు లోబడి పర్యావరణ పరిహారం విధించవచ్చని స్పష్టం చేసింది. అందువల్ల ఆ అధికారం మాకు లేదన్న మాట మండలి నుంచి ఇక వినవలసిన పని లేదు.

మీరు వెళ్ళవలసిన చోటు, మండలికి రెండుసార్లు రాసి ఫలితం లేకపోతే, చెన్నైలోని ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దాని పరిధిలోవే. పరిహారం కోరని దరఖాస్తుకు రుసుము వెయ్యి రూపాయలు. హరిత ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద వివాదానికి, అది మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల గడువు ఉంది, కారణం చూపితే మరో అరవై రోజులు. 15వ సెక్షన్ కింద నష్టపరిహారానికీ పర్యావరణ పునరుద్ధరణకూ ఐదేళ్ళు ఉంది. ఏళ్ళ తరబడి సాగుతున్న మురుగు విషయంలో రెండు సెక్షన్లనూ ప్రస్తావించమనండి. సాక్ష్య చట్టం నియమాలు ట్రిబ్యునల్‌ను కట్టిపడేయవు కాబట్టి, గుర్తింపు ఉన్న ప్రైవేటు ప్రయోగశాలలో మీరు చేయించిన పరీక్ష, తేదీలున్న ఫోటోలు అక్కడ విచారణ మొదలుపెట్టడానికి సరిపోతాయి. అప్పుడు సాధారణంగా ఒక సంయుక్త కమిటీని వేసి పరిశీలనకు పంపుతారు. ఆ కమిటీ వచ్చిన రోజు మీరు నాలా దగ్గర ఉండి, శుద్ధి కేంద్రం గేటు దాకా కాక బైపాస్ గొట్టం దాకా నడిపించడం అన్నిటికన్నా ముఖ్యమైన పని. నేరాభియోగం దారి కావాలంటే, 1974 నీటి చట్టం 49వ సెక్షన్ ప్రకారం మండలికి అరవై రోజుల నోటీసు ఇచ్చి మీరే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. ఫిర్యాదు చేసిన తర్వాత అడిగితే మండలి తన దగ్గరున్న సంబంధిత నివేదికలను, ప్రజాప్రయోజనానికి భంగమని భావిస్తే తప్ప, మీకు ఇవ్వాలి.

బోరు గురించి. నదికి దగ్గర్లో, మురుగు నీరు పారే పొలాల మధ్య ఉన్న బోరు నీళ్ళను పరీక్ష లేకుండా తాగకండి, పిల్లలకు అసలు ఇవ్వకండి. నీరు తేటగా ఉందని, వాసన లేదని నమ్మవద్దు, నైట్రేటుకు రంగూ రుచీ ఉండవు. తాగునీటి భారతీయ ప్రమాణంలో నైట్రేటు హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. మలం కలిసిందని చూపే ఈ.కోలి బాక్టీరియా వంద మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనపడకూడదు. కాచితే ఈ.కోలి చస్తుంది గానీ నైట్రేటు తగ్గదు, నీరు ఆవిరై కొంచెం పెరుగుతుంది కూడా. ఈ రెండింటితో పాటు లవణాల మొత్తానికి కూడా ఒకసారి మేలో, ఒకసారి నవంబరులో పరీక్ష చేయించండి. బోరు లోతు, నది నుంచి దాని దూరం కూడా నివేదిక మీద రాయించండి. ట్రిబ్యునల్ చట్టం 15వ సెక్షన్ కింద పరిహారం అడిగే రోజున ఆ రెండు కాగితాలూ అవసరమవుతాయి.